పాముకాటు వైద్యం: నాడు, నేడు

గూడూరు ప్రాంతంలో పొద్దుగూకిన తరువాత పొలం గట్టున నడిచే రైతు చేతికర్రతో నేలను తట్టుతూ నడుస్తాడు. ఒకవంక పంబలేటి పరిసరాల వరిచేలు, ఒకవంక నిమ్మతోటలు, సైదాపురం వైపు అభ్రకపు గనుల వద్ద పోగుపడిన రాళ్లగుట్టలు. ఎలుకకు తిండి, పాముకు నీడ దొరికే చోట్లే ఇవన్నీ. పాముకు బయటి చెవులు లేవు గాని, నేల అదురు దానికి చక్కగా తెలుస్తుంది. కనుక రైతు చేతికర్ర చప్పుడు వట్టి అలవాటు కాదు. అనుభవం నేర్పిన శాస్త్రం.

జాగ్రత్త విషయంలో మన పెద్దలు ఇంత వివేకం చూపినా, కాటు పడిన తరువాత చేయవలసిన చికిత్స విషయంలో మాత్రం లోకమంతా చాలాకాలం చీకటిలోనే తడుములాడినది. మంత్రం వేసేవారు, పసరు పోసేవారు, కాటుపై రాయి అంటించేవారు ప్రతి సీమలోను ఉండేవారు. వారి చేతిలో బ్రతికినవారు కూడా ఉండేవారు. దీనికి కారణం కష్టమైనది కాదు. మన పాములలో అధికభాగం విషం లేనివి. విషసర్పమైనా కరిచిన ప్రతిసారీ విషం దింపదు. బ్రతుకవలసినవాడు బ్రతికితే కీర్తి మంత్రానికి దక్కినది. పోయినవానికి ఆయువు తీరినదన్నారు. ఇట్లా లెక్క చూసుకొన్నంత కాలం ఏ మందు గుణం తెలిసే అవకాశం లేదు. కరిచినది ఏ పాము, ఎక్కిన విషం ఏ తీరుది అని నిర్ణయించగలిగినప్పుడే చికిత్సకు పునాది పడుతుంది.

ఆ పునాదిరాళ్లలో ఒకటి మన తెలుగు తీరంలోనే పడినదని చాలామందికి తెలియదు. పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు దేశపు వైద్యుడు 1785లో ఈస్టిండియా కంపెనీకి కర్ణాటక ప్రాంత ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా నియమితుడై, విశాఖపట్నంలో ఉండి పాములను సేకరించాడు. విషసర్పాన్ని సాధుసర్పం నుండి సులువుగా గుర్తించే ఉపాయం కనుగొనడమే ఆయన ముఖ్యోద్దేశం. ఆయా పాముల చేత కుక్కలను, కోళ్లను కరపించి విషబలం పరిశీలించాడు. ఆ రోజులలో పేరుమోసిన తంజావూరు మాత్రలను కూడ పరీక్షకు పెట్టాడు. నిశ్చయంగా నమ్మదగిన విరుగుడు ఆయనకు దొరకలేదు. కాని దొరకలేదని పరీక్షించి తెలుసుకొనడమే ఆనాటికి పెద్ద మేలు.

1796లో కోరమాండల్ తీరపు సర్పాలను గురించి ఆయన పెద్ద గ్రంథం వెలువడినది. అందులోని విశేషమేమంటే, ఎన్నో పాములకు తెలుగువారు చెప్పిన పేర్లే ఆయన వ్రాసుకొన్నాడు. నాగుపాము తరువాత అంతటి ప్రాణాంతకమైనదని ఆయన హెచ్చరించిన పాము పేరు 'కాటుక రేకుల పొడ.' వీపున కాటుకతో దిద్దిన రేకుల వంటి పొడలున్నవి గనుక ఆ పేరు. మనం రక్తపింజర అంటున్నది దీనినే. లోకం మాత్రం దీనిని రస్సెల్ పేరుతో పిలుస్తున్నది. పసుపు, నలుపు పట్టెలు గల మరొక పామును ఆయన 'బంగారు పాము' అని నమోదు చేశాడు. 1803లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దోదెన్ కట్లపాముల ప్రజాతి మొత్తానికి 'బుంగారస్' అని పేరు పెట్టినప్పుడు, మన బంగారమే లాటిను వేషం వేసుకొన్నది. ఆ పేర్లు చెప్పిన పల్లెవారి పేర్లు మాత్రం ఏ గ్రంథంలోను నిలువలేదు.

ఆ తరువాత నూరేండ్లకు గాని విరుగుడు రాలేదు. ఫ్రెంచి వైద్యుడు ఆల్బర్ట్ కాల్మెట్ సైగాన్‌లో ఉండగా నాగుపాము కాట్లను చూసి పరిశోధన మొదలుపెట్టి, స్వదేశం చేరిన పిమ్మట 1895 నాటికి విరుగుడు మందు సిద్ధపరచాడు. గుర్రానికి కొద్దికొద్దిగా విషం ఎక్కించి, దాని రక్తంలో పుట్టిన ప్రతివిషాన్ని రసిగా తీయడం ఆ పద్ధతి. ఒకే రసి అన్ని పాములకూ పనిచేస్తుందని ఆయన ఆశించాడు. కాని భారతదేశంలో పనిచేసిన జార్జి లాంబు అనే వైద్యుడు 20వ శతాబ్ది తొలి సంవత్సరాలలో ఆ ఆశ నిజం కాదని చూపినాడు. నాగుపాము విరుగుడు రక్తపింజర విషాన్ని ఆపలేదు. మళ్లీ మొదటి ప్రశ్నే ఎదురైనది: కరిచినది ఏ పాము?

ఈ చిక్కు తీర్చడానికే నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర అనే నాలుగింటికీ కలిపి ఒకే మందు తయారుచేసే పద్ధతి మన దేశంలో స్థిరపడినది. అందుచేత పామును చంపి తెచ్చి వైద్యునికి చూపవలసిన పని నేడు లేదు. రోగి శరీరమే సాక్ష్యం చెబుతుంది. నాగుపాము కాటుకు వాపు, నొప్పి, ఆపైన కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దకావడం, ఊపిరి సన్నగిల్లడం కనిపిస్తాయి. రక్తపింజర కాటుకు వాపుతోపాటు చిగుళ్లనుండి రక్తం కారుతుంది, మూత్రపిండాలు చెడుతాయి. రెండు మిల్లీలీటర్ల రక్తం శుభ్రమైన పొడి గాజునాళికలో పోసి, 20 నిముషాలు కదల్చకుండా ఉంచి వంచి చూస్తారు. గడ్డకట్టకపోతే పింజర విషమని గ్రహిస్తారు. ఇంత గొప్ప నిర్ణయానికి కావలసిన పరికరం ఒక గాజునాళిక, ఒక గడియారం!

అన్నింటిలోను మోసకారి కట్లపాము. నేలమీద నిద్రించేవారిని రాత్రివేళ కరుస్తుంది. గాటు కనిపించదు, నొప్పి ఉండదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ లేచిన మనిషికి అజీర్ణమని వాము పెట్టి కూర్చోబెడితే ఘోరం జరిగిపోతుంది. కడుపునొప్పితోపాటు రెప్పలు వాలుతున్నా, మింగుడు పడకపోయినా కట్లపామును అనుమానించాలి. అటువంటివారికి విరుగుడుతోపాటు యంత్రసాయంతో శ్వాస నిలిపితే ప్రాణం దక్కుతుంది.

ఈ మందుకు మూలం విషమే గదా! ఆ విషం తెచ్చేదెవరు? పాములు, ఎలుకలు, మూలికల జాడ తెలిసినవారుగా నెల్లూరు సీమ యానాదులు ప్రసిద్ధులు. శ్రీహరికోట దీవి వారి పురాతన నివాసం. అటువంటి విద్యే గల ఇరుళులు 1978లో మద్రాసు సమీపాన సహకార సంఘం స్థాపించుకొని, పామును చంపకుండ విషం తీసి, విరుగుడు తయారీకి అందిస్తూ వచ్చారు. ఒకే జాతి పాము విషం ప్రాంతాన్ని బట్టి మారుతుందని ఇటీవలి పరిశోధనలు చెబుతున్నవి గనుక, ఇట్టి నేర్పు ఒక్క చోటనే గాక పలుచోట్ల అవసరం.

మందు ఉన్నది, గుర్తించే మార్గమున్నది. అయినా 2005లో దేశంలో సుమారు 46,000 మంది పాముకాటుతో మరణించారని, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే సుమారు 5,200 మంది పోయారని ఒక పెద్ద సర్వే అంచనా కట్టినది. మృతులలో నాలుగింట మూడు వంతులకు పైగా ఆసుపత్రి గడప చేరనివారే. 2017లో ప్రపంచ ఆరోగ్యసంస్థ పాముకాటును నిర్లక్ష్యానికి గురైన వ్యాధుల జాబితాలో చేర్చి, 2030 నాటికి మరణాలు సగం చేయాలని లక్ష్యం పెట్టుకొన్నది.

విరుగుడు మందు రక్తంలో తిరిగే విషాన్ని పట్టగలదు గాని, విషం చేసిపోయిన చెరుపును వెనుకకు తిప్పలేదు. కనుక కాలమే ప్రాణం. గాటు కోయరాదు, నోటితో పీల్చరాదు, తాడు బిగించి కట్టరాదు. ఉంగరాలు, కడియాలు తీసి, విరిగిన కాలికి బద్ద కట్టినట్లు అవయవాన్ని కదలకుండ చేసి, ధైర్యం చెప్పి, విరుగుడు దొరికే ఆసుపత్రికి తక్షణం మోసుకొని పోవాలి. మంత్రగాని ఇల్లు దారిలోనే ఉన్నా, అక్కడ ఆగరాదు.