ఫ్రీమన్ హ్రబౌస్కీ: సీటుతో ఆగకుండా పీహెచ్‌డీ దాకా నడిపించిన ప్రెసిడెంట్

అమెరికాలో బాల్టిమోర్ నగర శివార్లలో ఒక ప్రభుత్వ యూనివర్సిటీ ఉంది. పూర్తి పేరు యూనివర్సిటీ ఆఫ్ మేరీలాండ్, బాల్టిమోర్ కౌంటీ. అందరూ యూఎంబీసీ అంటారు. 1992 నుంచి 2022 వరకు, అంటే 30 ఏళ్లు, దీనికి ప్రెసిడెంట్‌గా పనిచేసిన వ్యక్తి ఫ్రీమన్ హ్రబౌస్కీ. ప్రెసిడెంట్ అంటే మన దగ్గర వైస్ చాన్సలర్ లాంటి పదవి. నల్లజాతి విద్యార్థులు సైన్స్‌లో పీహెచ్‌డీ దాకా వెళ్లే దారి వేసిన వ్యక్తిగా ఆయనకు పేరుంది.

బాల్యం, చదువు

1950లో అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో పుట్టారు. అప్పట్లో అక్కడ నల్లజాతి పిల్లలకు స్కూళ్లు వేరు. 1963 మే నెలలో మార్టిన్ లూథర్ కింగ్ ఉద్యమంలో పిల్లలు ఊరేగింపు తీస్తే, 12 ఏళ్ల హ్రబౌస్కీ కూడా నడిచారు. ఐదు రోజులు జైల్లో ఉన్నారు.

లెక్కలంటే చిన్నప్పటి నుంచే ఇష్టం. హాంప్టన్‌లో 19 ఏళ్లకే గణితంలో డిగ్రీ, ఇల్లినాయ్ యూనివర్సిటీలో 24 ఏళ్లకు పీహెచ్‌డీ పూర్తి చేశారు. ఇల్లినాయ్‌లో చాలా క్లాసుల్లో నల్లజాతి విద్యార్థి తానొక్కరే. తర్వాత బాల్టిమోర్‌లోని కాపిన్ స్టేట్ కాలేజీలో పనిచేసి, 1987లో యూఎంబీసీకి వచ్చారు.

మేయర్‌హాఫ్ ప్రోగ్రామ్

యూఎంబీసీలో నల్లజాతి పిల్లలు సైన్స్ కోర్సుల్లో చేరుతున్నారు గానీ నిలబడట్లేదు. లోపం పిల్లల్లో ఉందా, పద్ధతిలో ఉందా? మిగతావాళ్లు గుంపుగా కూర్చుని చదువుకుంటుంటే వీళ్లు ఒంటరిగా కుస్తీ పడుతున్నారని తేలింది. సాయం అడగాలంటే మొహమాటం.

1988లో రాబర్ట్ మేయర్‌హాఫ్ అనే దాత డబ్బు ఇవ్వడంతో స్కాలర్‌షిప్ ప్రోగ్రామ్ పెట్టారు. 1989లో మొదటి బ్యాచ్‌లో 19 మంది, అందరూ నల్లజాతి అబ్బాయిలే. మరుసటి ఏడాది నుంచి అమ్మాయిలను కూడా తీసుకున్నారు.

ఫీజు కట్టి వదిలేయలేదు. మొదటి సంవత్సరం మొదలవక ముందే వేసవిలో ఆరు వారాల క్లాసులు పెట్టారు. గ్రూప్ స్టడీని అలవాటు చేశారు. ముఖ్యమైన సైన్స్ సబ్జెక్టులో సీ గ్రేడ్ వస్తే, పాసయ్యాం కదా అని సరిపెట్టుకోకుండా మళ్లీ చదవమని గట్టిగా చెప్పేవారు. నిజమైన ల్యాబుల్లో ప్రొఫెసర్ల పక్కన పని చేయించారు. 2013లో టెడ్ ప్రసంగంలో ఆయన దీన్నే నాలుగు మాటల్లో చెప్పారు: పిల్లల మీద పెద్ద ఆశ పెట్టుకోవడం, వాళ్ల మధ్య ఒక కుటుంబం లాంటి బంధం కట్టడం, పరిశోధకుల చేతే పరిశోధకులను తయారు చేయించడం, శ్రద్ధ పెట్టే అధ్యాపకులు ఉండడం.

కోర్టు తీర్పు తర్వాత

1994లో ఒక అప్పీల్ కోర్టు, కాలేజ్ పార్క్‌లోని యూనివర్సిటీ ఆఫ్ మేరీలాండ్ కేవలం నల్లజాతి విద్యార్థులకే ఇస్తున్న ఒక స్కాలర్‌షిప్ చెల్లదంది. దాంతో 1996 నుంచి మేయర్‌హాఫ్ ప్రోగ్రామ్‌లో అన్ని జాతుల పిల్లలకూ ప్రవేశం ఇచ్చారు. లక్ష్యం మాత్రం మార్చలేదు. సైన్స్‌లో తక్కువగా ఉన్న వర్గాలను ముందుకు తేవాలన్న పట్టుదల ఉన్నవాళ్లనే ఎంచుకున్నారు.

ఫలితం

మోడెర్నా కోవిడ్ టీకా తయారీలో కీలకంగా పనిచేసిన కిజ్మేకియా కార్బెట్ ఈ ప్రోగ్రామ్ విద్యార్థినే. 2008లో ఇక్కడ డిగ్రీ పూర్తి చేశారు. అమెరికా సర్జన్ జనరల్‌గా చేసిన జెరోమ్ ఆడమ్స్ కూడా ఇక్కడివారే. పెన్ స్టేట్, నార్త్ కరోలినా యూనివర్సిటీలు ఇదే నమూనాతో సొంత ప్రోగ్రామ్‌లు పెట్టుకున్నాయి.

నల్లజాతి అబ్బాయిలను చదువులో ముందుకు తెచ్చిన తల్లిదండ్రుల అనుభవాలతో హ్రబౌస్కీ, మరికొందరు కలిసి 1998లో 'బీటింగ్ ది ఆడ్స్' అనే పుస్తకం రాశారు. అమ్మాయిల గురించి 2002లో ఇంకొకటి వచ్చింది.

మన ఇళ్లల్లో సీటు వచ్చిందా, ఫీజు ఎలా అన్నదాకా అందరం ఆలోచిస్తాం. తర్వాత పిల్లాడు హాస్టల్ గదిలో ఒక్కడే పుస్తకం ముందేసుకుని కూర్చుంటే ఎవరికీ తెలీదు. ఎవరితో కలిసి చదువుతున్నావు బేటా, అర్థం కానిది ఎవరినడిగావు అని ఫోన్‌లో అడగడానికి ఏ స్కాలర్‌షిప్పూ అక్కర్లేదు.