కార్మికుడి ఇల్లు, కాగితాల చరిత్ర: గోదావరిఖనిలో వారసత్వ గృహాలు, మూలధన లాభాల పన్ను

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• గోదావరిఖనిలో ఇళ్ల హక్కు ఎన్ని రకాలుగా ఏర్పడిందో వివరించగలుగుతారు.
• వారసత్వపు ఇల్లు అమ్మినప్పుడు పన్ను లెక్కకు పాత రికార్డులు ఎందుకు కీలకమో చెప్పగలుగుతారు.

1. పరిచయం

సాధారణ కార్మికుడి ఇంటికి కూడా చరిత్ర ఉంటుంది. దస్తావేజులు, పట్టాలు, ఇంటిపన్ను రసీదులు దాని ఆధారాలు. తండ్రి కాలం చేశాక ఇల్లు అమ్మవలసి వస్తే ఆ కాగితాలు రెండు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. అమ్మే హక్కు ఎవరికి ఉంది? అమ్మితే వచ్చిన లాభం ఎంత? రెండింటికీ జవాబు గతంలోనే ఉంది.

2. బావుల చుట్టూ పెరిగిన ఊరు

1871లో ఇల్లందు ప్రాంతంలో డాక్టర్ విలియం కింగ్ బొగ్గు నిక్షేపాలను గుర్తించారు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వకపు హక్కులు లభించాయి. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1945లో దాని యాజమాన్యం నిజాం ప్రభుత్వ చేతికి వచ్చింది. రామగుండం ప్రాంతంలో తవ్వకాలు 1960ల నుంచి విస్తరించాయి. బావులతోపాటే ఊరూ పెరిగింది. గోదావరిఖని పేరులోనే గని ఉంది. యైటింక్లయిన్ కాలనీకి బావి నంబరే పేరయింది.

ఇక్కడి ఇళ్లను మూడు రకాలుగా చూడవచ్చు. మొదటిది కంపెనీ క్వార్టర్. ఎన్నేళ్లు ఉన్నా అది ఉద్యోగంతో వచ్చిన వసతి మాత్రమే. ఉద్యోగం ముగిస్తే అప్పగించాలి. అది వారసత్వంగా రాదు. రెండవది కంపెనీకి చెందిన లేదా ప్రభుత్వ స్థలంలో కార్మికులు, చిరువ్యాపారులు వేసుకున్న ఇల్లు. సింగరేణి ప్రభుత్వానికి అప్పగించిన స్థలాల్లోని ఇళ్ల క్రమబద్ధీకరణకు 2019లో జీవో 76 వచ్చింది. ఇటువంటి ఇంట్లో పట్టా ఎవరి పేర ఉందో, ఏ షరతులతో ఇచ్చారో చూడకుండా అమ్మకం మాట ఎత్తరాదు. మూడవది పట్టా భూమిలో ప్లాటు కొని కట్టుకున్న ఇల్లు. ఇక ముందు చెప్పేది ముఖ్యంగా ఈ మూడవ రకం గురించి.

3. రికార్డులు ఏం చెబుతాయి?

తెలంగాణలో సాగుభూముల హక్కు తెలుసుకోవడానికి 1954–55 నాటి ఖాస్రా పహాణీ ముఖ్య ఆధారం. పొలాలు ప్లాట్లయ్యాక హక్కు చరిత్ర పహాణీ నుంచి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలోని దస్తావేజుల్లోకి మారింది. ఇంటి నంబరు, ఇంటిపన్ను మున్సిపాలిటీ పుస్తకాల్లోకి ఎక్కాయి.

ఈ రికార్డుల విలువ ఒకటి కాదు. రిజిస్టరు అయిన విక్రయ దస్తావేజు హక్కు బదిలీని చూపుతుంది. ఈసీ ఆ ఆస్తిపై నమోదైన లావాదేవీల వరసను చూపుతుంది. ఇంటిపన్ను రసీదు, మున్సిపల్ పేరు మార్పు యాజమాన్యాన్ని ఇవ్వవు. తెల్లకాగితం మీద రాసుకున్న సాదా బైనామాతో కొన్న ఇల్లయితే అమ్మకానికి ముందే చిక్కు మొదలవుతుంది.

కార్మికుడు తన సంపాదనతో కొన్న ఇంటికి వీలునామా లేకపోతే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్లు, బతికి ఉంటే తల్లి సమాన వాటాదారులు. మున్సిపల్ పుస్తకంలో పెద్దకొడుకు పేరు ఒక్కటే ఉన్నంత మాత్రాన, పెళ్లయి వెళ్లిన కూతురి వాటా పోదు. ఆమె సంతకం లేని అమ్మకం ఆమె వాటాను బదిలీ చేయలేదు.

4. పన్ను చరిత్ర

మరణించినవారి ఆస్తిపై ఎస్టేట్ డ్యూటీ 1953లో వచ్చి 1985లో రద్దయింది. కాబట్టి ఇల్లు వారసులకు రావడం మీద ఇప్పుడు పన్ను లేదు. దాన్ని అమ్మినప్పుడు వచ్చిన లాభం మీద ఉంటుంది. మూలధన లాభాల పన్నును మొదట 1947లో తెచ్చారు. కొద్దికాలానికే ఎత్తివేసి, 1957 నుంచి మళ్లీ అమలు చేశారు.

వారసుడికి ఇల్లు ఉచితంగా వచ్చింది కదా, కొన్న ధర సున్నా అవుతుందా? కాదు. తండ్రి పెట్టిన ఖర్చే వారసుడి ఖర్చు. తండ్రి 2001 ఏప్రిల్ 1కి ముందే కొని ఉంటే, ఆ తేదీ నాటి మార్కెట్ విలువను తీసుకోవచ్చు. అయితే అప్పటి స్టాంపు విలువ లభ్యమైతే దాన్ని మించరాదు. 2024 జూలై 23 నుంచి పన్ను రేటు 12.5 శాతం, ద్రవ్యోల్బణ సర్దుబాటు లేకుండా. ఆ తేదీకి ముందే సంక్రమించిన ఇళ్లు, స్థలాల విషయంలో దేశంలో నివసించే వ్యక్తులు సర్దుబాటుతో 20 శాతం లెక్కను కూడా పోల్చుకుని, తక్కువైనదే కట్టవచ్చు.

ఒక ఊహాత్మక ఉదాహరణ చూడండి. 1985లో స్థలం, కట్టడం కలిపి 1 లక్ష ఖర్చయిన ఇల్లు. యజమాని 2019లో మరణించారు. 2025 జనవరిలో 36 లక్షలకు అమ్మారు. 2001 నాటి విలువ 6 లక్షలని ఆధారాలతో నిరూపిస్తే, 2024–25 సూచీ 363తో అది 21.78 లక్షలవుతుంది. లాభం 14.22 లక్షలు; 20 శాతం పన్ను రూ.2,84,400. ఆ విలువకు ఆధారం చూపలేక 1 లక్షే ఖర్చుగా తీసుకుంటే, 12.5 శాతం లెక్కన పన్ను రూ.4,37,500. సెస్సు వదిలేసినా తేడా రూ.1,53,100. ఈ భారం కేవలం కాగితం లేకపోవడం వల్ల వచ్చింది. వాటాదారులు ముగ్గురైతే ఎవరి వాటా లాభానికి వారే విడిగా లెక్క చూపాలి. అమ్మిన రెండేళ్లలోపు మరో ఇల్లు కొన్నా, మూడేళ్లలోపు కట్టుకున్నా షరతులకు లోబడి మినహాయింపు ఉంది.

5. సారాంశం

బావిలో దిగి సంపాదించిన డబ్బు ఇల్లయింది. ఆ ఇంటి విలువను వారసులకు చేర్చేది దస్తావేజు. అసలు దస్తావేజు పోతే, రిజిస్టరు అయినదైతే సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ధ్రువీకృత నకలు తీసుకోవచ్చు. ఇంటి కాగితాల తేదీలను, పేర్లను వరసగా రాసి పెట్టడం చరిత్ర విద్యార్థిగా మీరు మీ కుటుంబానికి చేయగల మొదటి పని. పెద్దలు బతికి ఉండగానే చేయండి. ఏ కాగితం ఎందుకు రాశారో వారికే తెలుసు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. కంపెనీ క్వార్టర్ వారసత్వ ఆస్తి ఎందుకు కాదు?
2. ఇంటిపన్ను రసీదుకూ విక్రయ దస్తావేజుకూ ఆధారంగా ఉన్న తేడా ఏమిటి?
3. వారసుడి పన్ను లెక్కలో 2001 ఏప్రిల్ 1కి ఉన్న ప్రాధాన్యాన్ని వివరించండి.