నారుమడి

"నారుమడి యనగానేమి?" అని మొన్న మా అబ్బాయి అడిగినాడు. మేము నొచ్చుకొంటిమి.

మొలక పెరుగు చోటు పాదు, మడి, తోట. నారుమడిలో మొలచినది అక్కడనే యుండిన పంట లేదు; తీసి నాటవలెను.

చిక్కబళ్ళాపురమునకు బదిలీపై వచ్చి చూచితిమి: ఇచట కన్నడమున "ససిమడి" యందురు. మడి యిరువురిదియు నొకటే. చింతామణి తాలూకా కైవారమున గాజులమ్మిన నారాయణప్ప యోగియై, తెలుగునను కన్నడమునను పదములు చెప్పెను. 1956లో భాషలవారీగా రాష్ట్రములు ఏర్పడినను, 2007లో కోలారునుండి ఈ జిల్లా విడివడినను, బాగేపల్లి ఇండ్లలో తెలుగు మాయలేదు. బడి కన్నడమే, ఇల్లే నారుమడి.

సోదర సోదరీమణులారా! మన పిల్లలు ఏ నేలను నాటుకొన్నను మేలే. "నారు పోసినవాడు నీరు పోయడా" యని దైవముమీద వేయరాదు. ఈ నారు పోయవలసినది మనమే, ఈ యుగాదినుండియే.