ఫ్రెంచి ఉక్కు పందెపు సైకిలు: దాని గొట్టములు, దాని మరలు

మన ఊళ్లలో సైకిలనగా చిరకాలముగా కన్నుల ముందు నిలిచినది ఇంగ్లీషు మాదిరి నల్లని బండి. దాని చక్రము 28 అంగుళములని చెప్పుదుము. దాని గొట్టములును మరలును అంగుళముల లెక్కలోనే పుట్టినవి. అట్టి బండి నెరిగిన చేతికి పాత ఫ్రెంచి పందెపు సైకిలు పొడుపుకథవలె తోచును. చూపునకు అన్నియు ఆ అంగములే. బిగింపబోయినచో సగము అమరవు. ఈ భేదమేమి, దానివలన ఆ సైకిలునకు కలిగిన గతి యేమి యని ఇచట పరిశీలింతును.

ఈ జాతి సైకిళ్లలో మిక్కిలి ప్రసిద్ధమైనది ప్యూజో వారి పీఎక్స్-10. ఫ్రాన్సు తూర్పుభాగమున మోంబెలియార్ ప్రాంతమందు ఆ కుటుంబమువారు 1810లో ఒక పిండిమరను ఉక్కు కార్ఖానాగా మార్చిరి. ఱంపపు బద్దలు, కాఫీ మరలు, స్త్రీల గౌనులలో అమర్చు ఉక్కు కమ్ములు చేసి పేరు పొందిరి. వారి సింహపు ముద్ర మొదట ఱంపముల మీదిదే. సైకిలు వారి చేతికి 1882లో వచ్చినది.

అయితే ఆ సైకిలును తీర్చిదిద్దినది కార్ఖానా కాదు, కొండలు. 1903 జులైలో ‘లోటో’ పత్రిక టూర్ ద ఫ్రాన్స్ పందెమును ఆరంభించెను. 60 మంది బయలుదేరగా 21 మంది ముగించిరి. మారిస్ గారెన్ విజేత. సంపాదకుడు ఆంరీ దెగ్రాంజ్ మహా పంతగాడు. గెలువవలసినది మనుష్యుని కండగాని యంత్రపు ఉపాయము కాదని ఆయన సిద్ధాంతము. 1913లో పిరనీ పర్వతములలో తూర్మలే కనుమ దిగుచుండగా యూజీన్ క్రిస్తోఫ్ సైకిలు ముందు ఫోర్కు విరిగెను. సాయము పొందరాదని నియమము. ఆయన సైకిలును మోసికొని పది కిలోమీటర్లకు మించి నడచి, సెంత్ మారీ ద కాంపాన్ గ్రామమున కమ్మరి కొలిమి చేరి, తన చేతులతో దానిని తానే అతుకుకొనెను. ఒక బాలుడు కొలిమితిత్తి ఊదినందులకు పది నిమిషముల శిక్ష విధించి, పిమ్మట మూడింటికి తగ్గించిరి! అప్పటికే పందెము చేజారినది.

గేర్ల విషయమునను అదే పట్టుదల. సెంతెత్యెన్ నగరవాసి పాల్ ద వివీ 1887లో పత్రిక స్థాపించి గేర్ల పక్షమున యేండ్ల తరబడి వాదించెను. పందెగాండ్రు మాత్రము వెనుక చక్రమునకు ఇరుప్రక్కల రెండు పళ్లచక్రములు అమర్చుకొని, కొండ మొదట దిగి చక్రమును త్రిప్పి బిగించుకొనుచుండిరి. పిల్లవానికి పలకయున్నది గనుక పుస్తక మెందుకను పంతులు తర్కమిది. దెగ్రాంజ్ తప్పుకొనిన మరుసటి యేడు, 1937లో, గేర్లు మార్చు డెరాయిలరుకు అనుమతి లభించెను. ఆ యేట దానితోనే రోజే లాపెబీ గెలిచెను.

పీఎక్స్-10 ఈ కొండల చదువునకు పుట్టినది. గేర్లు దిజోన్‌లోని సింప్లెక్స్ వారివి. క్రాంకు సెంతెత్యెన్‌లోని స్ట్రాంగ్‌లైట్ వారిది. బ్రేకులు క్లెర్మాన్ ఫెరాన్‌లోని మాఫాక్ వారివి. ఇంత ఫ్రెంచి బండికి వెన్నెముక మాత్రము ఇంగ్లీషుది! చట్రపు గొట్టములు బర్మింగ్‌హామ్‌లో రేనాల్డ్స్ సంస్థ 1935లో వెలువరించిన 531 రకము. మాంగనీసు, మాలిబ్డినం కలిసిన ఈ ఉక్కు గొట్టము చివరల మందముగా, నడుమ ఒక మిల్లీమీటరుకు లోపు పలుచగా నుండును. కీళ్లవద్ద ఉక్కు తొడుగులలో దూర్చి, ఎక్కువ కాల్చక, ఇత్తడితో మాటువేయుదురు. ఆ రేనాల్డ్స్ 1928 నుండి ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ సంస్థలోనిది. ఆ సంస్థయే 1949లో మద్రాసు చెంత అంబత్తూరున మురుగప్ప వారితో కలిసి సైకిలు కార్ఖానా నెలకొల్పినది. కనుక తమిళనాట మనవారు త్రొక్కిన హెర్క్యులిసునకును ఈ పందెపు గుఱ్ఱమునకును దూరపు చుట్టరికము కలదు.

ఇంగ్లీషు ఉక్కును దెచ్చుకొనిరిగాని ఇంగ్లీషు కొలతను రానీయలేదు. ఇంగ్లీషువారి క్రింది గొట్టము 28.6 మిల్లీమీటర్లయిన, ఫ్రెంచివారిది 28. క్రాంకు ఇరుసు నిలుచు కప్పుల మర ఫ్రెంచి లెక్కలో 35 మిల్లీమీటర్లు, ఇంగ్లీషు లెక్కలో 1.37 అంగుళము, అనగా 34.8. పైగా ఇంగ్లీషు కుడి కప్పునకు ఎదురు మర; ఫ్రెంచి కప్పులు రెండును ఒకే దిశ. త్రొక్కుచున్నకొలది కుడి కప్పు వదులగుట దీని స్వభావము. ఇందులో ఇంగ్లీషువారి పద్ధతియే మేలని ఒప్పుకొనవలెను. పెడలు మర ఫ్రెంచివారిది 14 మిల్లీమీటర్లు, ఇంగ్లీషువారిది 14.29. ఇంత స్వల్ప భేదమే మోసగించును: బలవంతముగ ఎక్కించిన ఉక్కు పెడలు అల్యూమినియం క్రాంకు మరలను కోసివేయును.

ప్యూజో జట్టున ఎడీ మెర్క్స్ 1966, 1967 సంవత్సరములలో మిలాన్-సాన్‌రేమో గెలిచెను. బెర్నార్ తెవెనే 1975, 1977లలో టూర్ గెలిచెను. కాని ఆ దినములలోనే క్షయము మొదలైనది. సింప్లెక్స్ వారు 1960ల నుండి లోహమునకు మారుగా డెల్రిన్ ప్లాస్టిక్కుతో చేసిన డెరాయిలర్లు కాలక్రమమున పగులజొచ్చెను. జపాను వస్తువులు చవుకగను మెఱుగుగను వచ్చెను. 1980లలో ఫ్రెంచివారే తమ మరలను విడిచిరి. తరువాత ఉక్కు స్థానమును అల్యూమినియం, కర్బన తంతువులు ఆక్రమించెను.

చట్రములు నేటికిని చెడలేదు. వానికి తగిన కప్పులే దుర్లభములు. పెడలు రంధ్రమును ఇంగ్లీషు కొలతకు సరియైన పనిముట్టుతో పెంచుట క్షమింపదగినదే, క్రాంకులో లోహమున్నది. చట్రపు మర యట్లు కాదు. ఇంగ్లీషు కప్పు చిన్నది గనుక కోయుటకు అచట లోహమే లేదు. ఇటాలియను 36 మిల్లీమీటర్లకు కోసినచో మరల వెనుకకు రాదు. తగిన కప్పు దొరకువరకు ఓపికపట్టుటయే మేలు. పనికి పూనుకొనువారు ముందుగా పెడలు ఇరుసు చివర చెక్కిన అక్షరమును చూడవలెను. ఇంగ్లీషు వానిపై ఆర్, ఎల్ అక్షరములు. ఫ్రెంచి వానిపై కుడికి డి, ఎడమకు జి. ద్రువాత్, గోష్ అను మాటల తొలి అక్షరములివి. ఫ్రెంచి చదివిన యానాము పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు.