మిత్రునికి పూటపడుట

అప్పు తీసికొనువానికి మరియొకడు పూచీపడుట మన దేశమున నిన్న మొన్న పుట్టిన ఆచారము కాదు. నేడు మనము వాడుచున్న జామీను, హామీ అను మాటలు పరభాషలనుండి వచ్చినవి. తెలుగునందు దీనికి పూట అను సొంత మాట కలదు, పూటపడినవాడు పూటకాపు. సంస్కృత ధర్మశాస్త్రములలో అతడు ప్రతిభువు, అతడు వహించు బాధ్యత ప్రాతిభావ్యము. మిత్రుడు కారు కొనదలచి, కిస్తీల ఒడంబడిక తెచ్చి, రెండవ సంతకము కోరినప్పుడు దానిపై కలము పెట్టువాడు, తెలిసియో తెలియకయో, ఈ ప్రతిభువు స్థానమునకే వచ్చుచున్నాడు.

యాజ్ఞవల్క్యస్మృతిలోని వ్యవహారాధ్యాయము ప్రాతిభావ్యమును మూడు తెరగులుగా విభజించినది. దర్శనమునకు, అనగా ఋణికుని వేళకు కొనివచ్చి ఎదుట నిలుపుటకు పూచీపడుట మొదటిది. ప్రత్యయమునకు, అనగా ఇతడు నమ్మదగినవాడని చెప్పి ఋణదాతకు విశ్వాసము కలిగించుట రెండవది. దానమునకు, అనగా ఇతడు చెల్లింపనిచో నేనే చెల్లింతునని ఒప్పుకొనుట మూడవది. మొదటి ఇద్దరును మాట నిలువనిచో తామే సొమ్ము కట్టుకొనవలెను. కాని వారు మరణించినచో కుమారులకు ఆ భారము లేదు. మూడవవాడు మరణించినచో కుమారులును చెల్లింపవలసినదే. అదియు అసలు మాత్రమే, వడ్డీ లేదు. మనుమల వరకు అది పోరాదని ధర్మశాస్త్రకారులు హద్దు గీసినారు.

మనలో పెక్కుమంది మిత్రుని గుణమునకు సాక్ష్యమిచ్చుచున్నామని, అనగా రెండవ తెరగు పూచీ ఇచ్చుచున్నామని తలచి, మూడవ తెరగు కాగితముపై సంతకము చేయుదురు. తరువాత కలుగు కలతలలో చాలభాగమునకు మూలము ఇక్కడనే ఉన్నదని నా అభిప్రాయము. మనువు ఈ విషయమున మరింత కఠినముగా మాటలాడినాడు. తండ్రి చేసిన అప్పులలో కుమారుడు తీర్పనక్కరలేనివానిని చెప్పుచు, జూదపు అప్పు, మద్యపు అప్పు ఉన్న వరుసలోనే ప్రాతిభావ్యమును కూడ చేర్చినాడు. వెనువెంటనే, ఇది దర్శనమునకు పూచీపడినవానికి సంబంధించినదే గాని దానప్రతిభువునకు వర్తింపదని సవరించినాడు. అయినను పూచీని జూదము ప్రక్కన కూర్చుండబెట్టిన ఆ పొరుగు గమనింపదగినది.

ఆస్తి విభాగము జరుగని అన్నదమ్ములు, భార్యాభర్తలు, తండ్రీకొడుకులు ఒకరికొకరు ప్రతిభువులుగా ఉండరాదని యాజ్ఞవల్క్యుడు చెప్పినాడు. కారణము ఊహింప కష్టము కాదు. ఉమ్మడి సొత్తున్నచోట రెండవవాని పూచీ ఋణదాతకు క్రొత్తగా ఒసగునదేమియు లేదు. పూచీ అనగా బయటివాని ఆస్తి వచ్చి అప్పు ప్రక్కన నిలుచుట.

ఇంతకంటె ఆసక్తికరమైన విధి మరియొకటి కలదు. ప్రతిభువుచేత ఋణదాత నలుగురి ఎదుట సొమ్ము కట్టించినచో, ఋణికుడు అతనికి దానికి రెట్టింపు ఇయ్యవలెను. ధాన్యమైనచో మూడింతలు, వస్త్రములైనచో నాలుగింతలు, ద్రవపదార్థములైనచో ఎనిమిదింతలు. సొమ్ముతోపాటు పరువునకును వెల కట్టిన విధి ఇది.

కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని కాలమున విజ్ఞానేశ్వరుడు ఈ స్మృతికి మితాక్షర అను వ్యాఖ్య రచించినాడు. 13వ శతాబ్దమున, తిక్కన సమకాలికుడగు కేతన దానిని విజ్ఞానేశ్వరము అను పేర తెలుగు పద్యములలోనికి తెచ్చినాడు. అప్పుపత్రముల విషయము పద్యమున చెప్పుట నేటివారికి వింతగా తోచవచ్చును. కంఠస్థము చేసి గుర్తుంచుకొనుటకు ఆనాడు పద్యమే అనువైనది.

రోమను న్యాయము వేరొక త్రోవ త్రొక్కినది. క్రీ. శ. 535లో జస్టీనియన్ చక్రవర్తి చేసిన శాసనము ప్రకారము ఋణదాత మొదట అసలు ఋణికుని వెంబడింపవలెను. అక్కడ రాబడి లేనప్పుడే పూచీదారుని తలుపు తట్టవలెను. ఫ్రెంచి పౌరస్మృతిలో ఈ సూత్రము నిలిచియున్నది. మనకు వచ్చినది మాత్రము ఆంగ్లేయుల సంప్రదాయము. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టములోని 128వ సెక్షను ప్రకారము, వేరు ఒప్పందము లేనిచో, పూచీదారుని బాధ్యత ఋణికుని బాధ్యతతో సమానముగా సాగును.

సమానము అనగా ఎంతవరకు? బ్యాంక్ ఆఫ్ బీహార్ వ్యాజ్యములో క్రింది న్యాయస్థానము, బ్యాంకు ముందుగా ఋణికునిపై ప్రయత్నములన్నియు ముగించి, ఆ పిమ్మటనే పూచీదారుని పట్టుకొనవలెనని షరతు పెట్టినది. పాట్నా హైకోర్టు దానిని నిలిపినది. 1968లో సుప్రీంకోర్టు ఆ షరతును కొట్టివేసినది. ఋణదాతను వేచియుండుమనినచో పూచీ తీసికొన్న ప్రయోజనమే చెడునని ఆ తీర్పు సారాంశము. కావున కిస్తీ తప్పిన మరునాడే పూచీదారునకు నోటీసు వచ్చినచో, అది తొందరపాటు కావచ్చును గాని అన్యాయమని కోర్టులో వాదించుట కష్టము.

మోటారు బండ్ల విషయమున చిక్కు మరికొంత ఎక్కువ. 1954లో మద్రాసున సుందరం ఫైనాన్సు స్థాపితమైన కాలము మొదలు దక్షిణదేశమున లారీలు, బస్సులు, కార్లు కిస్తీలపై కొనుట విరివిగా సాగినది. హైర్ పర్చేజి పద్ధతిలో కడపటి కిస్తీ ముట్టువరకు బండి యాజమాన్యము కంపెనీదే. నడుపువాడు మిత్రుడు, యజమాని కంపెనీ. పూచీదారునకు బండిపై కూర్చుండు హక్కు కూడ లేదు. కంపెనీ బండిని తీసికొని అమ్మినప్పుడు, పాత బండి వెల బాకీకి చాలనిచో, ఒడంబడిక ననుసరించి ఆ లోటు అతనిని అడుగుదురు.

చట్టము అతనిని పూర్తిగా విడిచిపెట్టలేదు. అతని సమ్మతి లేక షరతులు మార్చినచో తరువాతి వ్యవహారములనుండి అతడు విముక్తుడు. బాకీ తీర్చినచో ఋణదాత హక్కులు అతనికి సంక్రమించును. న్యాయముగా చెల్లించినదానిని మిత్రునినుండి రాబట్టుకొనవచ్చును. రెట్టింపు ఊసు మాత్రము లేదు. అయితే అచ్చు ఫారములలో ఈ రక్షణలను ముందే వదలుకొనునట్లు వ్రాయించు వాక్యములు తరచుగా ఉండును. సంతకమునకు ముందు చదువవలసిన చిన్న అక్షరములు అవియే. పూచీ మొత్తమునకు పరిమితి వ్రాయింపుడని కోరుట, ఒక ప్రతిని తనయొద్ద ఉంచుకొనుట, కిస్తీ తప్పినచో వెంటనే తెలుపుమని వ్రాతమూలముగా అడుగుట మిత్రునిపై అవిశ్వాసము కాదు.

తండ్రి అప్పు కుమారుడు తీర్చవలెనను ధర్మబాధ్యతను 2005 నాటి హిందూ వారసత్వ సవరణచట్టము, ఆ తరువాత చేసిన అప్పుల విషయమున, తొలగించినది. కుమారుడు తన సొంత సంపాదననుండి కట్టనక్కరలేదు. కాని సంతకము చేసినవాడు విడిచిపోయిన ఇల్లో, పొలమో ఉన్నచో, దాని మేరకు ఆ సంతకము నేటికిని చెల్లును.