సిరిసిల్ల సభ నుంచి సీయూఈటీ దాకా: ప్యాసేజీ కథ

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పిల్లలు యూనివర్సిటీ గడప ఎక్కాలంటే ఏ భాష చదివి అర్థం చేసుకోవాలి? వందేళ్లలో దీనికి జవాబు మారుతూనే ఉంది.

అప్పట్లో మనది నిజాం రాజ్యం. 1918లో పెట్టిన ఉస్మానియాలో పాఠాలు ఉర్దూలో, ఇంగ్లిష్ తప్పనిసరి సబ్జెక్టు. ఇంట్లో మాట్లాడేదేమో తెలుగు. 1935లో నాలుగో ఆంధ్ర మహాసభ మన సిరిసిల్లలోనే జరిగింది, అధ్యక్షులు మాడపాటి హనుమంతరావు గారు. తల్లిభాషలో చదువు కావాలన్నది ఆ ఉద్యమం గట్టిగా అడిగిన మాట. సినారె గారు కూడా ఇక్కడోళ్లే, హనుమాజీపేట. తెలుగుకు జ్ఞానపీఠం తెచ్చిన ఆయన బడి చదువు ఉర్దూ మీడియంలో సాగింది, చూడండి!

1948 తర్వాత ఉస్మానియాలో ఉర్దూ స్థానంలోకి ఇంగ్లిష్ వచ్చింది. 1986లో ఎంసెట్ మొదలైంది. ఇంజనీరింగ్‌కి మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, అంతే. ఇంగ్లిష్ పేపరే లేదు. ర్యాంకు కొట్టి నాచుపల్లి జేఎన్టీయూలో చేరితే మాత్రం పుస్తకాలన్నీ ఇంగ్లిషే. ఎంట్రన్స్‌లో అడగరు కాబట్టి ఇంటర్‌లో ఇంగ్లిష్ అంటే గైడు, ఇంపార్టెంట్ క్వశ్చన్లు. అసలు దెబ్బ ఇక్కడే పడిందని నాకనిపిస్తుంది.

ఇప్పుడు గేటు మారింది. నల్సార్ లాంటి లా యూనివర్సిటీలకు రాసే క్లాట్‌లో 2020 నుంచి అన్నీ ప్యాసేజీలే, ఒక్కోటి 450 పదాల దాకా. జీకే కూడా చదివే రాయాలి. 2022లో సీయూఈటీ వచ్చింది. దాని లాంగ్వేజ్ పేపర్‌లో ఎప్పుడూ చూడని ప్యాసేజీలు ఇస్తారు: సమాచారం, కథనం, సాహిత్యం అని మూడు రకాలు. తెలుగుతో కలిపి 13 భాషలు పెట్టారు, అది మంచి పనే.

కానీ ఒక ప్యాసేజీకి, ఇంకోదానికి లింకు ఉండదు. అమెరికా శాట్‌లో అయితే ఒకే విషయం మీద రెండు చిన్న టెక్స్టులు పక్కపక్కన ఇచ్చి, రెండో రచయిత మొదటాయనకు ఏమంటాడు అని అడుగుతారు. కాలేజీలో చేయాల్సిన చదువు ఇదే కదా. మన సెప్టెంబర్ 17నే తీసుకోండి. ఒకరు విమోచనం అంటారు, ఒకరు విలీనం అంటారు. 2022లో కేంద్రం ఒక పేరుతో, రాష్ట్రం ఇంకో పేరుతో అదే రోజును జరిపాయి. ఏది కరెక్ట్ అని నేను చెప్పను. ఎవరు ఏ ఆధారం చూపిస్తున్నారు, ఏది చెప్పకుండా దాటేస్తున్నారు, అది పట్టుకోవాలి.

ఈసారి ఆ రోజున ఒక తెలుగు పేపరు, ఒక ఇంగ్లిష్ పేపరు ముందు పెట్టుకుని ట్రై చేయండి. ఫోన్‌లో చదివినా పర్లేదు.