స్తూపం మీద లేని పేర్లు

పోయిన భాగంలో పోడు గురించి రాశాను. ఈసారి చనిపోయినవాళ్ల గురించి.

2012 మే 9న రష్యాలోని తోమ్స్క్ నగరంలో జనం యుద్ధంలో పోయిన తమ తాతల ఫొటోలు పట్టుకుని వీధుల్లో నడిచారు. దానికి 'అమర రెజిమెంట్' అని పేరు. ఆ యుద్ధంలో సోవియట్ దేశం పోగొట్టుకున్నది దాదాపు 2 కోట్ల 70 లక్షల మందిని. తర్వాత ప్రభుత్వం ఆ ఊరేగింపును తన చేతుల్లోకి తీసుకుంది. కానీ మొదలుపెట్టినవాళ్ల మాట సూటిగా ఉంది: పోయినవాళ్లను మోయాల్సింది వాళ్ల ఇంటివాళ్లు.

ఈ మాట మన అడవికి కొత్త కాదు. కాకతీయుల సైన్యంతో పోరాడి నేలకొరిగిన పగిడిద్దరాజును మేడారం జాతరకు పూనుగొండ్ల నుంచి తీసుకొచ్చేది పెనక వంశం వాళ్లే. ఏ గట్టు వాళ్ల వేల్పు కథ ఆ గట్టుకు ఉంది. ఆ కథలను డోలి కొట్టి పాడిన మణుగూరు మండలం కూనవరం కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన పోయారు.

మరి 1946–51 సాయుధ పోరాటం? నాలుగు వేల మంది అమరులయ్యారని పార్టీ లెక్క. 1948లో సైన్యం దిగాక దళాలు గోదావరి అడవిలోకి వచ్చాయి. వాళ్లను బతికించింది కోయ గూడేలు, మాల మాదిగ వాడలు. అందుకే సైన్యం గూడేలను ఖాళీ చేయించి జనాన్ని క్యాంపుల్లో కుక్కింది. అక్కడ రోగాలతో పోయినవాళ్లు ఏ లెక్కలో ఉన్నారు? కోయ నాయకుడు సోయం గంగులు పేరు మిగిలింది. నేను చూసిన స్తూపాల మీద దళానికి అంబలి మోసిన ఆడమనిషి పేరు లేదు. కబురు మోసిన మాదిగ పిల్లగాడి పేరు లేదు.

పేరుతో ఏమొస్తుందంటారా? భీమా కోరేగావ్ స్తంభం చూడండి. 1818 జనవరి 1 నాటి యుద్ధంలో పోయినవాళ్ల పేర్లు దాని మీద చెక్కారు. చెక్కించింది తెల్లవాళ్లే. కానీ చివర 'నాక్' అని ఉన్న పేర్లను బట్టి అవి తమ మహర్ తాతలవని వాళ్ల జాతి గుర్తుపట్టింది. 1927 జనవరి 1న బాబాసాహెబ్ అక్కడికి వెళ్లారు. ఆ పేర్లే లేకపోతే అదొక కంపెనీ స్తంభంగానే మిగిలిపోయేది.

మన స్తూపాల మీద ఆ గుర్తు కూడా లేదు. వర్గం పేరు చెప్పి కులాన్ని, గట్టును, ఇంటిపేరును చెరిపేశారు. రేపు మనవడు వచ్చి ఎవరిని వెతుక్కోవాలి?

ఆనాడు పిల్లలుగా ఉండి చూసినవాళ్లకు ఇప్పుడు ఎనభై దాటాయి. పోలవరం ముంపుతో కూనవరం, వీఆర్ పురం వైపు ఊళ్లకు ఊళ్లే చెదిరిపోతున్నాయి. విద్యార్థులారా, ఈ సెలవుల్లో మీ ఊరి ముసలవ్వ దగ్గర కూర్చోండి. చనిపోయినవాళ్ల పేరు, ఇంటిపేరు, గూడెం, ఎట్లా పోయారో రాసుకోండి. ఆడవాళ్ల గురించి విడిగా అడగండి. అడగకపోతే చెప్పరు.

జై భీమ్.